మేనకోడలికి భిన్నాల కూడిక ఎలా అర్థం చేయించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అక్క కూతురు ఆరో తరగతి చదువుతోంది. సాయంత్రాలు తనకు లెక్కలు చెప్పే బాధ్యత తీసుకుని రెండు నెలలైంది. నేను ఉపాధ్యాయుణ్ని కాను, లెక్కలంటే ఇష్టం మాత్రం ఉంది. ఈ మధ్య 1/2, 1/3 కూడమంటే 2/5 అని రాసింది. తప్పని చెప్పి, హారాలను సమానం చేసే పద్ధతి మళ్లీ చూపించాను. ఆ పూట వరుసగా పది లెక్కలు సరిగ్గా చేసిన పిల్ల, మూడు రోజుల తరవాత అదే లెక్క ఇస్తే తిరిగి 2/5 అనే రాసింది. "అర్థమైందా" అని అడిగితే ప్రతిసారీ "అయింది మామయ్యా" అంటుంది. ఏడు, ఎనిమిది ఎక్కాల దగ్గర కూడా తడబడుతోంది. నేను చెప్పే తీరులో ఏం మార్చుకోవాలి? అయిదేళ్ల తమ్ముడు కూడా పక్కనే కూర్చుంటాడు. వాడితో ఏం చేయించవచ్చో కూడా చెప్పగలరు.

జవాబు 1

తను 2/5 అని రాసినప్పుడు వెంటనే దిద్దకుండా, ఎలా చేసిందో చెప్పమని అడిగి చూడండి. నేను చాలా ఏళ్లు ఈ వయసు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఈ తప్పు చేసేవాళ్లు దాదాపు అందరూ "పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడాను" అనే అంటారు. అంటే 1/2 వారికి ఒక సంఖ్యగా కాక, గీతకు పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు సంఖ్యలుగా కనిపిస్తోందన్నమాట. ఆ చూపు మారనంతవరకు మీరు నేర్పిన పద్ధతి కంఠస్థం చేసిన మంత్రంలాగే ఉంటుంది కాబట్టి, మూడు రోజులకు మరచిపోవడంలో వింత లేదు.

నిజానికి తన ఆలోచన అర్థం లేనిదేమీ కాదు. ఒక పరీక్షలో రెండు ప్రశ్నలకు ఒకటి, మరో పరీక్షలో మూడు ప్రశ్నలకు ఒకటి సరిగ్గా రాస్తే, మొత్తం మీద అయిదింట రెండు సరిగ్గా రాసినట్టే కదా! అక్కడ 2/5 సరైన జవాబే, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. ఈ సంగతి మీ మనసులో ఉంటే తన మాటను ఓపికగా వినగలుగుతారు.

ఆ తరవాత, 2/5 సగం కన్నా ఎక్కువో తక్కువో అడగండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువ వచ్చిందని తనంతట తాను గమనించేదాకా ఆగండి. పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు ఏర్పడే నిశ్శబ్దాన్ని భరించలేక మనమే జవాబు అందిస్తుంటాం. దయచేసి ఆ పని చేయకండి. అప్పటికీ చిక్కు విడకపోతే, ఒకే పొడవున్న మూడు కాగితపు పట్టీలు తీసుకుని ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా, ఒకదాన్ని ఆరుగా సమానంగా మడిపించండి. సగం పట్టీకి మూడో వంతును ఆనించి పెట్టి ఆరో వంతులతో కొలిస్తే సరిగ్గా అయిదు పడతాయి. హారాలను ఎందుకు సమానం చేస్తామో అప్పుడు తన చేతులకే తెలుస్తుంది.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక మాట. అర్థమైనంత మాత్రాన సరిపోదు, అభ్యాసమూ కావాలి. అయితే ఒకే రకం లెక్కలు ఒకే పూట పది చేయిస్తే ఆ పూటకే నిలుస్తాయి. రోజుకు రెండు చొప్పున, పాత రకాలతో కలిపి ఇవ్వండి.

ఎక్కాల సంగతి: 1 నుంచి 10 వరకు ఉన్న పట్టికలో వంద గడులు చూసి పిల్లలు బెదిరిపోతారు. 7×8, 8×7 ఒకటే కనుక అవి 55కు తగ్గుతాయి. అందులోనూ తేలికైన 1, 2, 5, 10 ఎక్కాలను తీసేస్తే మిగిలేవి 21 మాత్రమే. వాటిని ఒక కాగితం మీద రాయించి, వచ్చినవాటిని తననే కొట్టేయమనండి. రానివాటిని తెలిసినవాటి నుంచి కట్టుకోవచ్చు: అయిదు ఎనిమిదులు 40, రెండు ఎనిమిదులు 16, కాబట్టి ఏడు ఎనిమిదులు 56. గడియారం పెట్టి మాత్రం అడగవద్దు.

జవాబు 3

చిన్నవాడికి 1 నుంచి 10 వరకు వరుసగా అంకెలు వేసిన గడుల ఆట గీసి ఇవ్వండి. ఇలాంటి ఆట చిన్నపిల్లల సంఖ్యాజ్ఞానాన్ని పెంచిందని, అంకెలకు బదులు రంగులున్న గడులతో ఆ ఫలితం రాలేదని రమణి, సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. అయిదో గడిలో ఉండి రెండు గడులు జరిపేటప్పుడు "ఒకటి, రెండు" అనకుండా "ఆరు, ఏడు" అనిపించడం ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే అడిగి, ఆగాను. చాలాసేపు చూసి, "సగం కన్నా తగ్గిపోయింది, ఇదెలా కుదురుతుంది?" అని తనే అంది. నిన్న 1/4, 1/5 ఇచ్చాను. పాత పద్ధతిలో 2/9 వస్తుందని, 2/8 అయితేనే పావు కాబట్టి 2/9 పావు కన్నా చిన్నదని, అందుకే అది తప్పని నేను అడగకముందే వివరించింది. ఆ వెంటనే ఒక ప్రశ్న వేసింది: ఆ తప్పు జవాబు ప్రతిసారీ రెండు భిన్నాల మధ్యలోనే పడుతుందా? నాకు జవాబు తోచలేదు.

జవాబు 1 ఇచ్చినవారు

చాలా మంచి ప్రశ్న వేసింది. ఆ రెండు భిన్నాలూ వేర్వేరయితే, అవును, ఎప్పుడూ మధ్యలోనే పడుతుంది. కాని ఆ సంగతి మీరు చెప్పకండి. 1/3, 3/4 ఇచ్చి, 4/7 ఎక్కడ పడుతుందో సంఖ్యారేఖ మీద చూడమనండి. ఎందుకలా జరుగుతుందని అడిగితే, ఆ రెండు పరీక్షల ఉదాహరణను తన ముందు పెట్టండి.