కోనసీమలో చిన్న విమానాలకి 600 మీటర్ల గడ్డి స్ట్రిప్ (రన్‌వే) చాలదా?

లంకగాలి:
సముద్ర మట్టానికి పట్టుమని పది అడుగుల ఎత్తు లేని నేల మనది. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని ఎత్తు లెక్కలో చెప్పే కొలత) ప్రమాదాలు కొండల మీద రన్‌వేలకి సంబంధించినవి. సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానం ఫుల్ బరువుతో లేచి 15 మీటర్ల అడ్డంకి దాటడానికి 1630 అడుగులు చాలని మాన్యువల్లోనే ఉంది, అంటే 497 మీటర్లు. 600 మీటర్లు వేస్తే ఇంకా వంద మిగులుతుంది. అంతకు మించి కొబ్బరి తోటలు కొట్టించడం దేనికండీ?

గౌతమిపాయ:
ఆ 1630 అనేది 15 డిగ్రీల లెక్కండీ. మే మధ్యాహ్నం 40 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం) 1000 హెక్టాపాస్కల్‌లు వేసి చూడండి. ప్రామాణిక పీడనం 1013 కంటే 13 తక్కువ. ఒక్కో హెక్టాపాస్కల్‌కి 30 అడుగుల చొప్పున ప్రెషర్ ఆల్టిట్యూడ్ (పీడనాన్ని బట్టి లెక్కకొచ్చే ఎత్తు) సుమారు 400 అడుగులు. ఆ ఎత్తులో ఉండాల్సింది 14 డిగ్రీలు, మన దగ్గర 26 ఎక్కువ. డిగ్రీకి 120 అడుగులు కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్ మొత్తం 3500 దాటింది. అరకు ఎత్తే దాదాపు 3000! చక్రాలు అమలాపురంలోనే ఉన్నా, రెక్కలకి అందేది అరకుకి పైనుండే గాలి.

అదే మాన్యువల్ పట్టికలో ఈ గడికి వచ్చేది 2020 అడుగులు. పొడి గడ్డికి గ్రౌండ్ రోల్‌లో (చక్రాలు నేల విడిచేదాకా పరిగెత్తే దూరంలో) 15 శాతం కలపమంటుంది. మొత్తం 2200, అంటే 670 మీటర్లు. వెనకగాలి రెండు నాట్లుంటే (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్ల వేగం) ఇంకో పది శాతం.

లంకగాలి:
సాయంత్రం సముద్రపు గాలి తిరుగుతుంది కదా. తేమ గాలి బరువుగా ఉంటుంది, అది మేలే చెయ్యాలి.

స్పానర్13:
ఉక్కపోత గాలి బరువనేది మన ఒంటికి అనిపించేదేనండీ, నిజానికి నీటి ఆవిరి గాలికంటే తేలిక. డ్యూ పాయింట్ (గాలిలో ఆవిరి మంచుగా మారే ఉష్ణోగ్రత) 27 డిగ్రీలుంటే సాంద్రత 1.3 శాతం పడిపోతుంది, డెన్సిటీ ఆల్టిట్యూడ్ ఇంకో నాలుగైదు వందల అడుగులు పెరుగుతుంది. ఇంజిన్‌కి అంతకంటే పెద్ద దెబ్బ. పీల్చే గాలిలో మూడున్నర శాతం ఆవిరే, ఆ మేరకి ఆక్సిజన్ లేనట్టే. పట్టికల్లో తేమకి గడే లేదు. సముద్రపు గాలి మేలు చేసేది ఎదురుగా వీస్తేనే, తొమ్మిది నాట్లకి పది శాతం దూరం తగ్గుతుంది.

అసలు ప్రమాదం జరిగే తీరు ఇది. పలచని గాలిలో స్పీడు మీటరు మీద లేవడానికి కావాల్సిన అదే 51 నాట్లు రావాలంటే నేల మీద ఇంకా జోరుగా పరిగెత్తాలి. నేల జోరు చూసి పైలట్ ముందే యోక్ (ముక్కు ఎత్తే స్టీరింగ్) లాగేస్తాడు. రెక్కల పొడవు 11 మీటర్లు. ఆ ఎత్తు లోపల గ్రౌండ్ ఎఫెక్ట్‌లో (నేల దగ్గర్లో ఉన్నందుకు వచ్చే ఊతంలో) విమానం తేలుతుంది, దాటగానే డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెరిగి ఎక్కడం ఆగిపోతుంది. ఎదురుగా కొబ్బరి చెట్లు. ముక్కు ఇంకా ఎత్తితే స్టాల్, అంటే రెక్కలు విమానాన్ని మొయ్యలేవు. పట్టిక హామీ 15 మీటర్లకే, ముదురు దేశవాళీ చెట్టు 20 దాటుతుంది.

లంకగాలి:
పోనీ పొద్దున్నే ఎగిరితే?

గౌతమిపాయ:
అదే పీడనంలో 30 డిగ్రీలకి కూడా గడ్డి మీద 624 మీటర్లు వస్తోంది. బరువు పది శాతం దించితే సుమారు 520. దాని మీద బ్రిటిష్ సీఏఏ చెప్పే 1.33 భద్రతా గుణకం వేస్తే 690. ఒండ్రు నేల తడిస్తే అదీ చాలదు. అందుకే 900 మీటర్లు అడగమంటున్నాను, చివర్లో చెట్లు లేకుండా. సగం దూరంలో ఒక జెండా పాతండి. అక్కడికి 36 నాట్లు (51లో సుమారు 70 శాతం) రాకపోతే త్రాటిల్ మూసేసి ఆగిపోవాలి.