ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ అంటే ఆర్టిలరీయేనా? తమ్ముడికి సెలెక్షన్ వచ్చింది, తెలిసినవాళ్లు చెప్పండి

ఇచ్ఛాపురం_అన్న
అందరికీ నమస్తే. మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు అగ్నివీర్‌గా సెలెక్టయ్యాడు, ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ ఇచ్చారు, ట్రైనింగ్ గోపాలపూర్‌లో, బరంపురం పక్కనే కాబట్టి అమ్మకి ఎక్కడలేని సంతోషం. నాన్నకే మనసులో పీకుతోంది, విమానాల్ని కొట్టేది ఎయిర్‌ఫోర్స్ కదా, మరి ఆర్మీలో ఈ పనేటి అని. ఊళ్లో ఒకాయన అది ఆర్టిలరీయే (ఫిరంగుల దళం), పేరు మార్చారంతే అన్నాడు, ఇంకొకాయనేమో చాలా దూరంలోనే విమానాల్ని కూల్చే ఎస్-400 మిసైళ్లు వీళ్ల చేతిలోనే ఉంటాయన్నాడు. ఏది నిజమో, లోపల పని ఎలా ఉంటుందో కాస్త చెప్పగలరా.

పాత_గన్నర్
తమ్ముడూ, ముందు ఇంట్లో అందరికీ శుభాకాంక్షలు. నేను ఈ కోర్‌లోనే (అంటే ఆర్మీలోని ఈ విభాగంలోనే) చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను, ఎక్కువకాలం విమానాల్ని కొట్టే ఎల్-70 గన్ మీదే. ఎస్-400 మనది కాదు, అది ఎయిర్‌ఫోర్స్‌ది. దేశం మొత్తానికి ఆకాశం కాపలా బాధ్యత వాళ్లదే. కానీ ట్యాంకులు, పదాతిదళం ముందుకి కదిలితే వాటితోపాటు కదిలి నెత్తిమీద గొడుగు పట్టేది ఎవరు? వంతెన, మందుగుండు డిపో, రాడార్ స్టేషన్, వీటి పక్కనే గుంట తవ్వుకుని కూర్చునేది ఎవరు? అది మన పని.

నాన్నగారికి ఈ ఒక్కటి చెప్పు. సైరన్ మోగితే అందరూ ట్రెంచ్‌లోకి దూకుతారు, దూకమనే ఆర్డర్. మన డిటాచ్‌మెంట్, అంటే ఒక గన్ను నడిపే జట్టు, మాత్రం ట్రెంచ్‌లోంచి గన్ దగ్గరికి పరిగెత్తాలి. చుట్టూ ఇసుక బస్తాలు, ఒకడు గన్ తిప్పే సీట్లో, లోడర్ రౌండ్లు అందుకుంటూ ఉంటాడు, ఒక్కో రౌండు రెండున్నర కిలోల దాకా ఉంటుంది, గన్నేమో నిమిషానికి 300 దాకా మింగేస్తుంది. మొదటిసారి ఫైరింగ్ అయ్యాక సాయంత్రం దాకా ఎవరేమన్నా నాకు సరిగా వినపడలేదు, చేతులకి ఆ ఇత్తడి, బారూదు వాసన సబ్బుతో కడిగినా పోలేదు.

ఇంకోటి, కనపడిన ప్రతిదాన్నీ కొట్టేయడం కాదు. వెపన్స్ హోల్డ్, టైట్, ఫ్రీ అని పైనుంచి ఆర్డర్ ఉంటుంది. హోల్డ్‌లో ఉంటే ఆత్మరక్షణకి తప్ప కాల్చకూడదు, టైట్‌లో ఉంటే శత్రువుదని తేలినదాన్నే కొట్టాలి, ఫ్రీలో ఉంటే మనదని తేలనిదాన్ని దేన్నైనా కొట్టొచ్చు. అందుకే బొమ్మ చూసి ఏ విమానమో చెప్పడం కూడా నేర్పుతారు, రెక్క ఏ వాలులో ఉంది, తోక ఎలా ఉంది అని. మన విమానాన్ని మనమే కొట్టకుండా ఆపుకోవడం కాల్చడం కంటే కష్టం.

చరిత్ర_పిచ్చి
గన్నర్ గారి మాటకి చిన్న చేర్పు. ఆర్టిలరీయే అన్న పెద్దాయన పాతకాలం లెక్కలో కరెక్టే. రెండో ప్రపంచయుద్ధం టైంలో 1940లో బొంబాయి కొలాబాలో మనవాళ్లకి విమాన విధ్వంసక గన్నుల ట్రైనింగ్ మొదలైంది, 1941లో కరాచీలో స్కూలు పెట్టారు. విభజనలో కరాచీ అటు పోయింది కాబట్టి మనవైపు నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో ఆర్టిలరీ స్కూల్ నీడలోనే నడిచింది, 1989లో గోపాలపూర్ సముద్రం ఒడ్డుకి మారింది. 1965, 1971 యుద్ధాలు రెండూ ఆర్టిలరీలో భాగంగానే చేశారు. 1994 జనవరి 10న విడగొట్టి సొంత కోర్ చేశారు, అందుకే ఆ రోజే వాళ్ల రైజింగ్ డే, అంటే పుట్టినరోజు. 2019 సెప్టెంబర్‌లో రాష్ట్రపతి కోవింద్ గారు గోపాలపూర్ వచ్చి కోర్‌కి కలర్స్ (గౌరవ పతాకం) ఇచ్చారు. నినాదం ఆకాశే శత్రూన్ జహి, అంటే ఆకాశంలోనే శత్రువుని చంపు. విడిపోవడం సబబే అనిపిస్తుంది నాకు, నేలమీద కదలని టార్గెట్‌ని కొట్టడానికీ, కళ్లముందు క్షణాల్లో దాటిపోయేదాన్ని కొట్టడానికీ బుర్ర పనిచేసే తీరే వేరు.

ఇచ్ఛాపురం_అన్న
చాలా థాంక్స్ సార్. ఎల్-70 మన ఆర్మీకి అరవైల్లో వచ్చిందని విన్నాను, ఇంత పాత గన్ను ఇప్పుడు పనికొస్తుందా? వాడిని ఏ ఆయుధం మీద వేస్తారో ముందే తెలుస్తుందా?

పాత_గన్నర్
యూనిట్‌ని బట్టి ఉంటుంది. రెజిమెంట్, దాని కింద బ్యాటరీలు, వాటి కింద ట్రూపులు, చివరికి ఒక్కో గన్నుకి డిటాచ్‌మెంట్, దానికి నంబర్ వన్‌గా, అంటే నాయకుడిగా, హవల్దార్. కొన్ని రెజిమెంట్లు గన్నువి, కొన్ని మిసైల్‌వి. షిల్కా అయితే ట్యాంకులాంటి బండి మీద నాలుగు గొట్టాలు, ఇగ్లా భుజం మీద పెట్టి వదిలే మిసైల్, ఆకాశ్ మిసైల్ 25 కిలోమీటర్ల దాకా పోతుంది, దాన్ని మన హైదరాబాద్‌లోనే బీడీఎల్ (భారత్ డైనమిక్స్) వాళ్లు చేస్తారు. ఇక ఎల్-70 సంగతి, దానికి కొత్త కెమెరాలు, సెన్సర్లు బిగించారు, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ అప్పుడు డ్రోన్ల మీద అదే కాల్చింది. చవక డ్రోన్ మీదికి కోట్ల మిసైల్ వదలడం ఎంతకని సాగుతుంది, అక్కడ 40 ఎంఎం రౌండే సరైన మందు. ఇప్పుడు ఆకాశ్‌తీర్ అని బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ల సిస్టమ్ వచ్చింది, రాడార్లన్నీ కలిపి ఒకే బొమ్మ చూపిస్తుంది, ఎయిర్‌ఫోర్స్ నెట్‌వర్క్‌తోనూ ముడిపెట్టారు. మా రోజుల్లో సగం వైర్‌లెస్‌లో అరుచుకోవడమే.

తమ్ముడికి చెప్పు, పరుగు ఎలాగూ చేయిస్తారు, ఇప్పటినుంచే హిందీ, కాస్త లెక్కలు చూసుకోమను. క్లాసులో రేంజ్ (దూరం), ఎత్తు, లీడ్ (విమానం కంటే ఎంత ముందుకి గురిపెట్టాలో) అంటుంటే బిత్తరపోకూడదు.

ఇచ్ఛాపురం_అన్న
ట్రెంచ్ మాట నాన్నకి చదివి వినిపించాను సార్. ఏమీ అనలేదు, కాసేపాగి పాసింగ్ అవుట్ పెరేడ్‌కి మనల్ని రానిస్తారా అని అడిగాడు.

పాత_గన్నర్
రానిస్తారు బాబూ. బరంపురం స్టేషన్లో దిగితే ఆటోలు దొరుకుతాయి. నాన్నగార్ని ముందు వరసలో కూర్చోబెట్టు.