టెల్నెట్ లాగిన్‌ని కోడ్‌తో చేయిస్తుంటే ప్రాంప్ట్ రాకుండానే ఆగిపోతోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ప్లాంటులో పదకొండు పాత డేటా లాగర్లున్నాయి. లోపల చిన్న లైనక్స్ నడుస్తుంది. వాటిలోకి వెళ్ళడానికి టెల్నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి) ఒక్కటే దారి. ఎస్‌ఎస్‌హెచ్ (అదే పనిని గుప్తంగా చేసే పద్ధతి) లేదు, కొత్త ఫర్మ్‌వేర్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. రోజూ పొద్దున ఆరింటికి ఒక్కోదాంట్లో లాగిన్ అయి, రాత్రి రీడింగుల ఫైలు కాపీ చేసుకుని బయటికి రావాలి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పడుతోంది. అందుకే కోడ్‌తో చేయిద్దామని కూర్చున్నాను.

ముందు షెల్ స్క్రిప్టు రాశాను. రెండు సెకన్లు ఆగి యూజర్ నేమ్, మళ్ళీ రెండు సెకన్లు ఆగి పాస్‌వర్డ్, అదంతా పైపు ద్వారా టెల్నెట్‌కి. పది రోజుల్లో ఎనిమిది రోజులు బాగానే నడిచింది. రెండు రోజులు మాత్రం లాగిన్ తప్పు అంది. పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు.

తర్వాత పైథాన్ పట్టుకున్నాను. దొరికిన ఉదాహరణలన్నీ టెల్నెట్‌లిబ్ అనే మాడ్యూల్‌తో ఉన్నాయి, నా 3.13లో ఆ మాడ్యూలే లేదంటోంది. సరేనని మామూలు సాకెట్ (నేరుగా బైట్లు పంపే కనెక్షన్) తెరిచి 23వ పోర్టుకి కనెక్ట్ అయ్యాను. లాగిన్ అని రావలసిన చోట ఈ పన్నెండు బైట్లు వచ్చాయి: 255 253 24 255 253 32 255 253 35 255 253 39. ఆ తర్వాత ఎంతసేపు చూసినా ఏమీ రాదు. చేత్తో టెల్నెట్ కొడితే మాత్రం వెంటనే ప్రాంప్ట్ (లాగిన్ అని అడిగే మాట) వస్తోంది. తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పగలరా?

జవాబు 1

మాడ్యూల్ సంగతి వరకు చెబుతాను. టెల్నెట్‌లిబ్‌ని తీసేయబోతున్నామని పైథాన్ 3.11లో హెచ్చరించి, 3.13లో తీసేశారు. 3.12తో వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే పాత ఉదాహరణలు అలాగే నడుస్తాయి. లేదంటే పిప్‌తో టెల్నెట్‌లిబ్3 వేసుకోండి. పేరు దగ్గరగా ఉన్నా అది వేరే లైబ్రరీ, అసింక్ఐఓ పద్ధతిలో రాయాలి. టెల్నెట్‌లిబ్‌లోనూ, సాకెట్‌లోనూ పంపేది బైట్స్ అయ్యుండాలి, మామూలు స్ట్రింగ్ ఇస్తే ఎర్రర్ వస్తుంది.

జవాబు 2

తమ్ముడూ, ఆ పన్నెండు బైట్లలోనే సంగతంతా ఉంది. సర్వర్ మిమ్మల్ని నాలుగు ప్రశ్నలడిగి జవాబు కోసం కూర్చుంది. మీరు లాగిన్ కోసం కూర్చున్నారు. ఇద్దరూ ఎదురుచూస్తుంటే ఎవరు కదులుతారు?

1983 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 854 అనే ప్రమాణ పత్రంలో టెల్నెట్ నియమాలున్నాయి. 255 వచ్చిందంటే తర్వాతది అక్షరం కాదు, ఆజ్ఞ అని అర్థం. 251 అంటే నేను చేస్తాను, 252 నేను చేయను, 253 నువ్వు చెయ్యి, 254 నువ్వు చేయొద్దు. మూడో బైటు దేని గురించో చెబుతుంది. 24 టెర్మినల్ రకం, 32 టెర్మినల్ వేగం, 35 ఎక్స్ డిస్‌ప్లే ఉన్న చోటు, 39 ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. అంటే మీ లాగర్ ఈ నాలుగూ చెప్పమంటోంది. చేత్తో టెల్నెట్ కొట్టినప్పుడు మీకు కనపడకుండా ఆ ప్రోగ్రామే జవాబిచ్చేస్తుంది. లైనక్స్ టెల్నెట్ సర్వర్ ఈ బేరం తేలేదాకా లాగిన్ ప్రాంప్ట్ పంపదు.

మీకు ఇవేవీ అక్కర్లేదు కాబట్టి అన్నిటికీ వద్దనేయండి. 253 వస్తే 252, 251 వస్తే 254, మూడో బైటు అదే తిప్పి పంపడం. 252, 254 వస్తే ఏమీ పంపొద్దు. వాటిక్కూడా బదులిస్తూ పోతే రెండు వైపులా ఆగకుండా మాట్లాడుకునే ప్రమాదం ఉంది. పన్నెండు బైట్ల జవాబు కోడ్‌లో గట్టిగా రాసేసి వదిలేయకండి, ఈ నాలుగూ అయ్యాక ఇంకొన్ని అడుగుతుంది. వచ్చే ప్రతి బైటునీ చూసే లూపు కావాలి. ఆ లూపు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి కూడా. ఎందుకంటే ఈ కనెక్షన్ నడిచే టీసీపీలో మూడు బైట్లు ఒకేసారి వస్తాయన్న నమ్మకం లేదు, 255 ఒక విడతలో, మిగతా రెండూ ఇంకో విడతలో రావచ్చు. లాగిన్ అనే మాట కూడా రెండు ముక్కలుగా రావచ్చు. వచ్చినదంతా ఒక బఫర్‌లో పోగేసి, అందులో వెతకండి.

ఇక ఆ రెండు రోజుల గొడవ. నన్నడిగితే అసలు తప్పు అదే. మీ స్క్రిప్టు గడియారం చూసి మాట్లాడుతోంది, అవతల ఏం జరుగుతోందో వినడం లేదు. కొన్ని సర్వర్లు మీ ఐపీ ఎవరిదో డీఎన్‌ఎస్‌ని (ఐపీకి పేరు చెప్పే సర్వీసుని) అడిగి తెలుసుకున్నాకే ప్రాంప్ట్ ఇస్తాయి. ఆ పూట డీఎన్‌ఎస్ నెమ్మదిస్తే రెండు సెకన్లు కాస్తా పది అవుతాయి. దానికితోడు ఇంకో చిక్కుంది. పాస్‌వర్డ్ అడిగేముందు చాలా లాగిన్ ప్రోగ్రాములు అక్షరాలు తెరమీద పడకుండా ఎకో ఆపుతాయి, ఆ క్షణానికి టెర్మినల్‌లో చదవకుండా మిగిలిన ఇన్‌పుట్‌ని పారేస్తాయి. ముందే పంపిన పాస్‌వర్డ్ అక్కడ గల్లంతవుతుంది. స్క్రిప్టు ఆగే సమయాన్ని ఐదు సెకన్లకు పెంచితే ఇది తగ్గుతుందే కానీ పోదు. ప్రాంప్ట్ కళ్ళబడ్డాకే పంపాలి. అది ఫలానా సమయంలోపు రాకపోతే వదిలేసి, ఏ లాగర్ దగ్గర ఆగిందో రాసిపెట్టుకోవాలి.

ఒక చిన్న కిటుకు. కొన్ని పరికరాల్లో లాగిన్ మొదటి అక్షరం పెద్దది, కొన్నిట్లో చిన్నది. మొదటి అక్షరం వదిలేసి మిగతా నాలుగక్షరాలూ, కోలన్ కోసం వెతికితే రెండూ దొరుకుతాయి. పాస్‌వర్డ్‌కీ అంతే.

జవాబు 3

రెండో జవాబులో అక్క చెప్పిన వినడం, పంపడం పని కోసమే డాన్ లైబ్స్ 1990లో ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టు చేశారు. దాని దారిలో పైథాన్‌కి పీఎక్స్‌పెక్ట్ ఉంది. మీ మెషీన్‌లో టెల్నెట్ ప్రోగ్రామ్ ఎలాగూ ఉంది కదా, పీఎక్స్‌పెక్ట్ దాన్నే నడుపుతుంది. బైట్ల బేరమంతా అది చూసుకుంటుంది, మీరు ప్రాంప్టుల సంగతి చూసుకుంటే చాలు. పదకొండు పరికరాలకి సాకెట్ లూపు రాసుకోవడం కన్నా ఇదే తేలిక అని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అక్కా, లూపు రాశాను, ప్రాంప్ట్ వచ్చింది! ఆ మాట తెరమీద పడగానే ప్రాణం లేచొచ్చింది. కానీ ఇప్పుడు వింత సమస్య. లాగిన్ అవుతోంది, లాగర్ వైపు రికార్డులో కూడా కనిపిస్తోంది. నా కోడ్ మాత్రం లాగిన్ విఫలమైందని ఆగిపోతోంది. పాస్‌వర్డ్ పంపాక మళ్ళీ లాగిన్ కోలన్ కనిపిస్తే తప్పు పాస్‌వర్డ్ అని రాసుకున్నాను.

జవాబు 2

పాస్‌వర్డ్ సరిపోయాక వచ్చే మొదటి వరస చూడండి. లాస్ట్ లాగిన్, కోలన్, నిన్నటి తేదీ. మీ కోడ్‌కి అందులోని లాగిన్ కోలన్ దొరుకుతోంది. నేనూ ఒకప్పుడు ఇక్కడే అరపూట పోగొట్టుకున్నాను. తప్పు పాస్‌వర్డ్‌కి లైనక్స్ 'లాగిన్ ఇన్‌కరెక్ట్' అంటుంది, దాన్ని పట్టుకోండి. రెండోవైపు షెల్ ప్రాంప్ట్‌ని (కమాండ్ కోసం ఎదురుచూస్తున్నానని చెప్పే గుర్తుని) పట్టుకోండి. రెంటిలో ఏది ముందొస్తే అది.

షెల్ ప్రాంప్ట్ అంటే ఉత్త డాలర్ గుర్తు కోసం వెతకొద్దు. స్వాగత సందేశంలోనో, రీడింగుల ఫైల్లోనో డాలర్ ఉంటే కోడ్ మోసపోతుంది. లాగిన్ కాగానే ప్రాంప్ట్‌ని మీకు మాత్రమే తెలిసిన పొడుగాటి మాటగా మార్చేసి, ఇక దాని కోసమే చూడండి. ఇక్కడా జాగ్రత్త కావాలి. మీరు పంపిన కమాండ్ చాలాసార్లు యథాతథంగా వెనక్కి వస్తుంది, అందులో మీ మాట కనపడి కోడ్ తొందరపడుతుంది. మాట మధ్యలో ఖాళీ కోట్స్ జత ఒకటి ఇరికించి పంపండి. వెనక్కొచ్చిన కమాండ్‌లో అది విరిగి ఉంటుంది, షెల్ కోట్స్ తీసేశాక వచ్చే ప్రాంప్ట్‌లో మాత్రం అతుక్కుని ఉంటుంది.

జవాబు 4

పనిలో పనిగా నా మాటొకటి వినండి, ఇది నిజంగా బెంగతో చెబుతున్నాను. టెల్నెట్‌లో పాస్‌వర్డ్ అచ్చంగా కనిపిస్తుంది. అదే నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు పట్టగలిగినవాళ్ళు వైర్‌షార్క్ అనే ప్యాకెట్లు చూసే ప్రోగ్రాములో ఒక్క మెనూ నొక్కి చదివేస్తారు. ఫిన్లాండ్‌లో టాటు యిలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాసింది తమ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించారనే. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ తిరిగింది కూడా టెల్నెట్ తెరిచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని పరికరాల మీదే.

లాగర్లు మార్చలేరు, సరే. వాటి పక్కన ఒక చిన్న లైనక్స్ పెట్టె పెట్టి, లాగర్లను దానితో మాత్రమే మాట్లాడే వేరే వీలాన్‌లో (విడిగా కట్టిన నెట్‌వర్క్‌లో) ఉంచండి. మీరు ఆ పెట్టెలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్ళండి, టెల్నెట్ అక్కడి నుంచి లాగర్ దాకానే. పాస్‌వర్డ్ కోడ్‌లో రాయకుండా, మీ యూజర్ తప్ప ఎవరూ చదవలేని ఫైల్లో పెట్టండి. స్క్రిప్టుకి ఫైలు చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్ చాలు, అన్ని హక్కులూ ఉన్న రూట్ వద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చివరికి పీఎక్స్‌పెక్ట్‌తోనే రాశాను, కానీ ఆ బైట్లు ముందు అర్థమయ్యాయి కాబట్టే అది లోపల ఏం చేస్తోందో తెలుస్తోంది. తొమ్మిది లాగర్లు ఈ పొద్దున ఫైళ్ళిచ్చాయి. మిగతా రెండూ యూజర్ నేమ్ పంపగానే పాస్‌వర్డ్ అడిగి, నేనేదీ పంపకముందే తప్పంటున్నాయి.

జవాబు 2

ఆ రెండూ మీరు పంపే వరస ముగింపుని రెండు ఎంటర్లుగా లెక్కపెడుతున్నట్టున్నాయి. వరస ముగింపులో ఉండే రెండు బైట్లలో సీఆర్ ఒక ఎంటర్, ఎల్‌ఎఫ్ రెండో ఎంటర్, అంటే ఖాళీ పాస్‌వర్డ్. ఆ రెంటికి మాత్రం ముగింపులో సీఆర్ ఒక్కటే పంపి చూడండి. సాకెట్‌తో అయితే దాని వెనక సున్నా బైటు కూడా పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

సీఆర్ ఒక్కటే పంపితే రెండూ తెరుచుకున్నాయి అక్కా. పదకొండు ఫైళ్ళూ వచ్చాయి. చిన్న పెట్టె కోసం ఇవాళే మా సూపర్‌వైజర్ గారికి ఇండెంట్ పెట్టాను.