ఎక్స్‌ఈవీ 9ఈ: లుక్ సరే, వెనక సీటు సంగతేంటి?

ఎంవీపీ కాలనీ నుంచి:
మహీంద్రా ఎలక్ట్రిక్ కారు ఎక్స్‌ఈవీ 9ఈ మొన్న నడిపి చూశాను. ముందున్న ఆ లైటు గీత దర్జాగా ఉంది. వెనక కప్పు కూపేలా, అంటే స్పోర్ట్స్ కారులా, వాలిపోవడమే మింగుడు పడట్లేదు. మా నాన్న ఆరడుగుల మనిషి. "తల తగల్లేదు గానీ, ఎక్కేటప్పుడు మెడ వంచాల్సొచ్చిందిరా" అన్నారు. పైగా 12.3 అంగుళాల తెరలు మూడు! సినిమా హాలా, బండా? వాడుతున్నవాళ్లు చెప్పండి, అలవాటవుతుందా?

గాజువాక నుంచి:
నాది 79 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న బండి అండి. తెరలు పదిరోజుల్లో అలవాటయ్యాయి. మూడోది మా అబ్బాయి సొంతం. డిక్కీ 663 లీటర్లు, పెళ్లి సామానంతా పట్టింది. అసలు మజా అరకు ఘాట్ దిగేటప్పుడు. యాక్సిలరేటర్ వదిలితే మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీకి కరెంటు తిరిగిస్తుంది. పైన మాత్రం నూరు శాతం చార్జింగ్ పెట్టుకుని దిగకండి. నిండిన బ్యాటరీలోకి ఆ కరెంటు ఎక్కదు, బ్రేకులే తొక్కాలి.

పెదవాల్తేరు నుంచి:
గురూ, మెరిసే నల్ల ప్లాస్టిక్ చూసి మురిసిపోకు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి రెండ్రోజుల్లో మసకేస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలే. ముందు నీళ్లు కొట్టు.

ఎంవీపీ కాలనీ నుంచి:
థాంక్సండి. నాన్నకి ముందు సీటు ఇచ్చేస్తా. మూడో తెరలో వార్తలు చూసుకుంటారు. వెనక్కి మా ఆవిడని ఒప్పించాలి, అదీ టెన్షన్.