ఆదివారం కొట్టు మూసి హార్మోనియం నేర్చుకుంటే తప్పా?

మహేంద్రతనయ ఒడ్డు:
మాది పర్లాకిమిడి, కిరాణా కొట్టు. నాకు 49. ఇరవై రెండేళ్లలో పండగలకీ చావులకీ తప్ప షట్టరు దించలేదు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు మూసి హార్మోనియం నేర్చుకోవాలని ఉంది. చిన్నప్పుడు భజనల్లో విన్న తెలుగు కీర్తనలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, ఒడియా అక్షరాల్లో. నేను చదివింది ఒడియా బడే మరి. అందులో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. నా రాత నేనే చదవలేక తడబడతాను. మా ఆయన ఏమీ అనరు. అబ్బాయే, "నలుగురూ నవ్వుతారమ్మా" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు? (టైపు చేస్తున్నది మా కోడలు. తనది టెక్కలి.)

గుణుపురం గుమస్తా:
కోపగించుకోకండి అక్కా. ఆదివారమే అసలు బేరం. అరకిలో పంచదార కోసం పక్క కొట్టు మెట్టెక్కినవాడు మళ్లీ రాడు. ఖాతా బాకీ ఉన్నవాడైతే అసలే రాడు. మా నాన్న నాటకాల పిచ్చిలో కొట్టు వదిలేస్తే అమ్మ విస్తళ్లు కుట్టి మమ్మల్ని పెంచింది. సంతోషం అనే మాట వింటే నాకు ఆ విస్తళ్లే గుర్తొస్తాయి.

రాయగడ టీచరు:
గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడిలోనే పంతులు. ఉద్యోగం చేసుకుంటూనే ఒక సవర గిరిజనుణ్ని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో అచ్చయింది. అప్పటికి డెబ్బైకి దగ్గరపడ్డారు.

గుణుపురం గుమస్తా:
కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ మింగి చెవుడూ తెచ్చుకున్నారు. అది చెప్పరేం? పైగా ఆయనకు నెల జీతం. మనకు నెలాఖరున ఖాతా పుస్తకం.

రాయగడ టీచరు:
హార్మోనియంతో చెవుడు రాదు లెండి, వస్తే పక్కింటివాళ్లకి. మీ నాన్నగారు కొట్టే వదిలేశారు, ఈవిడ మూడు గంటలు షట్టరు దించుతానంటున్నారు. రెండూ ఒకటెలా అవుతాయండీ?

బరంపురం కోడలు:
అసలు ఆవిడ భయం బేరం గురించి కాదు, నవ్వుతారని. నేను నలభై ఏళ్లకి సైకిలు నేర్చుకున్నాను. రెండుసార్లు కాలవలో పడ్డాను కూడా. వీధంతా వారం రోజులు నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్విన ఎదురింటావిడ ఇప్పుడు బీపీ మాత్రలకి నన్నే పంపిస్తుంది.

గుణుపురం గుమస్తా:
సరే, మూయండి. కానీ మంగళవారం మూయండి.

మహేంద్రతనయ ఒడ్డు:
మంగళవారం మాస్టారికి కుదరదు తమ్ముడూ. నీ మాట కొట్టెయ్యలేక మొన్న ఆదివారం షట్టరు సగమే దించాను. లోపల బియ్యం బస్తా మీద హార్మోనియం. ఎడమచేత్తో తిత్తి ఊదుతుంటే కుడిచేతి వేళ్లు ఆగిపోతున్నాయి. ఇద్దరు వంగి చూసి, "ఒంట్లో బాగోలేదా పిన్నీ?" అన్నారు. ఒకడు కొబ్బరినూనె సీసా పట్టుకెళ్లాడు, అరువే. మూడు గంటల్లో స, ప దాటలేదు. కోడలు మాత్రం నోటుబుక్కులో రెండు పేజీలు తెలుగులోకి ఎక్కించింది. ఎ దగ్గరా ఏ దగ్గరా ఆగి, "అత్తయ్యా, ఇది పాడి వినిపించండి" అంటోంది.