బ్లాండ్ చివర ‘ఈ’ ఉండాలా?

రెండు రోజులుగా ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది. ఎప్పుడో కాలేజీలో చదివిన ఇంగ్లీష్ కథలోది. కిటికీ పక్కన ఒక అమ్మాయి, ఎండ పడి మెరిసే బ్లాండ్ (బంగారు రంగు) జుట్టు. ఆ ‘బ్లాండ్’ మాట చివర ఇంగ్లీష్ ‘ఈ’ (e) అక్షరం ఉందా లేదా? అమ్మాయి కాబట్టి ఉండే ఉంటుందని నా నమ్మకం.

— ఉండి తీరాలండీ. ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట. ఫియాన్సే చూడండి, చివర ఒక ‘ఈ’ ఉంటే కాబోయే వరుడు, రెండుంటే వధువు. ప్రొటెజే, అంటే ఒక పెద్దవారి అండలో ఎదిగే మనిషి, ఆ మాట కూడా అంతే.

— మాస్టారూ, ఫ్రెంచ్ నియమమే పట్టుకుంటే మీ మాట నిలవదు. అక్కడ విశేషణం అమ్మాయిని చూడదు, జుట్టును చూస్తుంది. జుట్టుకి వాళ్లు మామూలుగా వాడే మాట పుంలింగం, పైగా బహువచనం. కాబట్టి ఎంత అందగత్తె జుట్టైనా బ్లాండ్ చివర ‘ఎస్’ చేరుతుందే గానీ ‘ఈ’ రాదు. జుట్టుకే ఉన్న ఇంకో ఫ్రెంచ్ మాట ‘షెవ్లూర్’ అన్నారనుకోండి, అది స్త్రీలింగం. అప్పుడు వస్తుంది.

— ఆ మెలిక నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ ఇంగ్లీషులో జుట్టుకి లింగమే లేదు కదా! ఇక ఆ ‘ఈ’ అమ్మాయిది కాకపోతే ఎవరిది?

— ఎవరిదీ కాదు. అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ వారి శైలి పుస్తకం విశేషణంగా ఎవరికైనా ‘ఈ’ లేకుండానే రాయమంటుంది. అసలు ఫ్రెంచ్‌లో ఆ ‘ఈ’కి పని ఉంది. అది ఉంటేనే చివరి ‘డ్’ పలుకుతుంది, లేకపోతే మూగదే. ఇంగ్లీషులో రెండూ ఒకేలా పలుకుతాం. మన లిపిలోనూ తేడా చూపించలేక ఇక్కడ ఇన్ని మాటలు ఖర్చు పెడుతున్నాం!

— స్త్రీలింగం ‘ఈ’ అంటే నాకు ఇంగ్లీష్ కవి కీట్స్ రాసిన ‘లా బెల్ డామ్ సాన్ మెర్సీ’ (దయలేని అందగత్తె) కవిత తప్ప ఇంకేదీ గుర్తు రాదు. ఆ ‘బెల్’ చివర ఎంత ముద్దుగా ఒదిగిందో! అయితే అసలు తగువు శీర్షికలోని చివరి మాట మీద. 1819లో రాసిన ఆ కవిత 1820లో పత్రికలో అచ్చైనప్పుడు ‘మెర్సీ’ చివర ఇంగ్లీష్ ‘వై’ పడింది. నాకు ఫ్రెంచ్ ‘ఐ’ ఉన్నదే ఇష్టం. ‘వై’ వేస్తే ఆ మాయ సగం పోతుంది.

— మేడమ్, ఒక్కటి గమనించారా? కీట్స్ ఆ కవితలోని అందగత్తె జుట్టు పొడుగని చెప్పాడు గానీ రంగు చెప్పలేదు.

— అవును! కళ్లు మాత్రం చూపించాడు. అదీ కవి అంటే.

— ప్రశ్న అడిగింది నేనే. షెవ్లూర్ సంగతి చదివాక ఇంకో అనుమానం పట్టుకుంది. ఆ వాక్యంలో ఉన్నది ‘హెయిర్’ అనే మాటేనా, ‘ట్రెసెస్’ (పొడుగాటి కురులు) అనా?