రాత్రి చదివింది పొద్దున్నకి ఉండట్లేదు, చెరువు కల మాత్రం రోజూ వస్తోంది

చెరువుగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, ఉప్పలగుప్తం మండలం. రెండెకరాల వనామీ రొయ్యల చెరువు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు రావడంతో రాత్రి కాపలా నాదే. గ్రూప్-2కి కూడా చదువుతున్నాను. మకాంలో ట్యూబ్‌లైటు కింద ఒంటిగంట దాకా పుస్తకం, తర్వాత మంచం మీద నడుం వాలుస్తాను. మూడింటికి అలారం. లేచి గట్టు చుట్టూ టార్చి వేస్తాను, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు నాలుగూ తిరుగుతున్నాయా, రొయ్యలు పైకి తేలుతున్నాయా అని. నాలుగున్నరకి మళ్ళీ అదే. పొద్దున్నే మేత పని, ఇంక పడకెక్కడ?

నిన్న ప్రాథమిక హక్కులు మూడుసార్లు చదివాను. 14 నుంచి 18 వరకు సమానత్వపు హక్కు, చూడకుండా రాశాను కూడా. తెల్లారి టీ తాగుతూ తలుచుకుంటే 17 ఏమిటో ఎంతకీ రాలేదు. కల మాత్రం పిలవకుండానే వస్తోంది. ఏరియేటర్ల చప్పుడు ఠక్కున ఆగిపోతుంది. జనరేటర్ హ్యాండిల్ పట్టుకుంటే మేత బస్తాలా మెత్తగా చేతిలోకి దిగిపోతుంది. నీళ్ళ మీద తెల్లగా రొయ్యలు. నిరుడు ఒకసారి నిజంగానే అలా పోయాయి. ఆ తెల్లవారుజామున నాన్న నన్నేమీ అనలేదు, కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. కలలో ఆ కండువా నీలం అంచుతో సహా కనిపిస్తుంది.

నా జ్ఞాపకశక్తి పాడైపోతోందా? కావలసింది పోయి, వద్దనుకున్నది ఎందుకు ఉండిపోతోంది?

రాజమండ్రి అక్క:
తమ్ముడూ, భయపడకు. నేను డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు సైకాలజీ చెప్పాను. నువ్వు రాసినదాన్ని బట్టి, తక్కువైంది నిద్ర.

చదివింది బుర్రకెక్కడం ఒక పని, కుదురుకోవడం ఇంకో పని. 1924లోనే కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థులతో అర్థం లేని పదాలు బట్టీ పట్టించి చూశారు. అన్నే గంటలు మేలుకుని గడిపినప్పటికంటే, పడుకుని లేచినప్పుడు ఎక్కువ గుర్తున్నాయి. 1994లో విల్సన్, మెక్‌నాటన్ ఎలుకల మెదడులో ఇంకో సంగతి గమనించారు. అవి తిరిగేటప్పుడు, జ్ఞాపకాలు కుదిరే హిప్పోకాంపస్ అనే భాగంలో ఏ కణాలు జతగా పనిచేశాయో, నిద్రలోనూ అవే జతకట్టాయి. ఆ తిరగేసుకోవడానికి నువ్వు వ్యవధి ఇవ్వడం లేదు.

కల సంగతికి వస్తే, నిద్ర సుమారు తొంభై నిమిషాల చుట్లుగా సాగుతుంది. మొదట్లో గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారుజాముకి రెప్పల కింద కళ్ళు చకచకా కదిలే నిద్ర పెరుగుతుంది. షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో బయటపెట్టింది దాన్నే. కళ్ళకు కట్టినట్టుండే కలలు ఎక్కువగా అప్పుడే వస్తాయి. చెరువులో ఆక్సిజన్ తగ్గేదీ ఆ వేళకే కదా! నువ్వు సరిగ్గా కల నడుస్తుండగా అలారంతో లేస్తున్నావు, అందుకే అది చేతికి చిక్కుతోంది. లేవకుండా నిద్రపోతే చాలా కలలు మనకి తెలియకుండానే పోతాయి.

పైగా భయం, దుఃఖం కలిసిన జ్ఞాపకం లోతుగా నాటుకుంటుంది. 17వ అధికరణం కోసం మీ నాన్నగారు కళ్ళు తుడుచుకోలేదు కదమ్మా.

భీమవరం రైతు:
తమ్ముడూ, మూడేళ్ళు నేనూ ఒక్కణ్ణే కాశాను. ఒకరోజు పొద్దున బండి మీద ఇంటికి వస్తూ కునుకు పట్టి కాలవగట్టు దిగిపోయాను. తూటికాడ అడ్డుపడింది కాబట్టి బతికాను. ఆ రోజే పక్క చెరువాయనతో వంతులు మాట్లాడుకున్నాం. రెండింటి దాకా ఆయన, తర్వాత నేను. కరెంటు పోతే మోగే అలారం కూడా పెట్టించాను. చదువు సాయంత్రానికి మార్చుకుని, నీ వంతు వచ్చేదాకా ఒక్క బిగిన పడుకో.

లంక మామ్మ:
బాబూ, 1996 నవంబరు 6 తుపానులో మా కొబ్బరితోట మొత్తం పడిపోయింది. ఆ మొవ్వులు విరిగిన చప్పుడు నాకు ఏళ్ళ తరబడి కలలో వినపడేది. ఎవరికీ చెప్పుకోలేదు. ఒకనాడు కూర ముక్కలు కోస్తూ మా కోడలితో మొత్తం చెప్పేశాను. తర్వాత కల మానలేదు గానీ చప్పుడు తగ్గింది. నువ్వూ ఎవరికైనా చెప్పు నాయనా.

రాజమండ్రి అక్క:
మామ్మగారు చెప్పినట్టు బయటికి చెప్పు. దానికి తోడు ఇంకొకటి. పగటిపూట తీరికగా కూర్చుని ఆ కల ముగింపు మార్చి ఊహించుకో. హ్యాండిల్ గట్టిగా ఉంది, జనరేటర్ అందుకుంది, ఏరియేటర్లు తిరిగాయి అని. రోజూ కాసేపు అలా చెయ్యి. పీడకలలకి వైద్యులు వాడే పద్ధతే ఇది. పగలు కూడా గుండెదడ ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించుకో.

చెరువుగట్టు:
పది రోజులైందండి. పక్క చెరువు కుర్రాడితో వంతులు కుదిరాయి. తొమ్మిదిన్నరకి పడుకుని రెండింటికి లేస్తున్నాను. 17 అంటరానితనం రద్దు, ఇప్పుడు తడుముకోకుండా వస్తోంది. కల రెండుసార్లే వచ్చింది, హ్యాండిల్ ఇంకా మెత్తగానే ఉంది.

మొన్న నాన్నకి చెప్పేశాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆ రోజు నా మెడలో కండువా ఎక్కడిదిరా, పరుగున వచ్చేశాను. నీ తువ్వాలే లాక్కుని మొహం తుడుచుకున్నాను" అన్నారు. ఆ నీలం అంచు తువ్వాలు మకాంలో దండెం మీదే ఉందండి.